దవడ కీలుకు సూది మందు: ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం యీ సభలో పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళిళ్ళలో దుబారా తగ్గించుకోవటం గురించి పెద్దలు మాట్లాడుతుంటారు. ఈసారి ఆరోగ్యానికి సంబంధించిన విషయం ఒకటి చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. షుగరు గురించో, బి.పి. గురించో చెబుతానని మీరు అనుకొని వుంటారు. వాటి గురించి చెప్పేవాళ్ళు చాలామంది వున్నారు. నేను యేళ్ళ తరబడి పళ్ళ డాక్టరుగా పనిచేసినవాణ్ణి. "పన్ను నొప్పి" అని నా దగ్గరకు వచ్చినవాళ్ళలో కొందరికి పన్నులో ఏ లోపమూ వుండేది కాదు. వాళ్ళ జబ్బు కీళ్ళవాతం. అది దవడ కీలుకు పడితే ఏం చెయ్యాలి, ఆ కీలులోకి వేసే సూది మందు దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు అన్నదే యీ రోజు నా విషయం.

ముందు మా యింటి సంగతే చెబుతాను. మా పెద్ద ఆపా పిల్లలకు ఖాయిదా, ఖురాన్ చదవటం నేర్పేది. అసర్ నమాజు తరువాత వీధిలోని పిల్లలంతా ఆమె వరండాలో చాప మీద చేరేవాళ్ళు. 2008 ప్రాంతంలో ఆమెకు పొద్దున్నే వేళ్ళ కణుపులు వాచి బిగుసుకుపోవటం మొదలైంది. "పని ఎక్కువైంది, అంతే" అని తోసిపుచ్చింది. 2010లో కుడి దవడ నొప్పి అని నా దగ్గరకు వచ్చింది. "డాక్టరు తమ్ముడుండి కూడా నా పళ్ళు నన్ను ఏడిపిస్తున్నాయిరా" అని నవ్వింది. వెనక దవడ పన్నులో కొంచెం పుచ్చు కనిపించింది. ఆ పన్ను పీకింది నేనే. నెల గడిచింది. నొప్పి అట్లాగే వుంది. రొట్టెను చాయిలో నానబెట్టుకొని తింటున్నదని, దావతులకు రావటం మానేసిందని మా వదిన చెబితే తెలిసింది. పిల్లలకు చదువు చెప్పేటప్పుడు అక్షరం నోరారా పలకలేక వాళ్ళచేతనే చదివించి తాను వింటున్నదట.

అప్పుడు గాని నేను ఆమె చేతులు పట్టుకొని చూడలేదు. రెండు చేతుల కణుపులూ ఒకే తీరున వాచి వున్నాయి. పన్ను చూశాను గాని మనిషిని చూడలేదు. ఆ తప్పు నాది. దాన్ని మీ ముందు ఒప్పుకొన్న తరువాతే మిగతా సంగతి చెప్పే అర్హత నాకు వుంటుంది.

ఇప్పుడు మీరంతా ఒక పని చెయ్యండి. చెవి రంధ్రానికి ముందు చిన్న మెత్తటి మిట్ట వుంటుంది. దానికి కాస్త ముందు వేలు పెట్టి నోరు మెల్లగా తెరిచి మూయండి. వేలి కింద కదులుతున్నదే, అదే దవడ కీలు. అటొకటి, ఇటొకటి. మాట్లాడినా, తిన్నా, ఆవలించినా అవి కదలాల్సిందే. పై ఎముక గుంటలో కింది దవడ ఎముక గుండ్రని తల కూర్చొని వుంటుంది. రెండింటి మధ్య పల్చటి మెత్త లాంటి పొర వుంటుంది. ఆ పొరకు పైన ఒక చిన్న గది, కింద ఒక చిన్న గది. లోపలి గోడకు జిగురు నీరు వూరే మరో పొర అంటుకొని వుంటుంది.

రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అనే కీళ్ళవాతంలో మన వొంటిని కాపాడవలసిన రక్షణ శక్తే పొరపడి, యీ జిగురు పొర మీద దాడి చేస్తుంది. హకీం సాబులు కీళ్ళ జబ్బులన్నిటినీ వజ-ఉల్-మఫాసిల్ అంటారు. వాటిలో యిదొక రకం. వయసు మీద పడి మోకాళ్ళు అరిగే జబ్బు వేరు, యిది వేరు. ఇది ముప్ఫై, నలభై యేళ్ళవాళ్ళకూ వస్తుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు రెండు మూడింతలు ఎక్కువ. పొద్దున లేవగానే గంటసేపైనా కీళ్ళు బిగుసుకొని వుండటం, రెండు పక్కలా ఒకే కీళ్ళు వాయటం దీని గుర్తులు. సాధారణంగా చేతులు, పాదాలు ముందు, దవడ తరువాత. పొర వాచిపోయి, మెత్తటి ఎముకను, ఆ తరువాత గట్టి ఎముకను తినేస్తుంది. దవడ ఎముక తల అరిగితే గడ్డం వెనక్కి పోతుంది, ముందు పళ్ళు ఒకదానికొకటి కలవవు. పోయిన ఎముకను మందుతో తిరిగి తెప్పించలేము. కాబట్టి తొందర పడవలసింది ఎముక పోకముందే.

ఇంట్లో చేసుకోదగిన పరీక్ష ఒకటి వుంది. మీ చేతి మూడు వేళ్ళు, చూపుడు వేలు, నడిమి వేలు, వుంగరపు వేలు, ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చి పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య పెట్టి చూసుకోండి. పెద్దవాళ్ళకు మామూలుగా మూడు వేళ్ళు పడతాయి. రెండే పడుతున్నాయంటే డాక్టరుకు చూపించాలి. కీళ్ళవాతం వున్నవాళ్ళు నెలకొకసారి యీ పరీక్ష చేసుకొంటే మంచిది.

అయితే నోరు తెరుచుకోని ప్రతివారికీ కీళ్ళవాతమే అనుకోకండి. వక్క, గుట్కా, పాన్ మసాలా నమిలేవాళ్ళకు చెంపల లోపలి పొర తెల్లబారి, గట్టిపడి, కారం తగిలితే మంట పుట్టి, నోరు క్రమంగా మూసుకుపోతుంది. అది కీలు జబ్బు కాదు, కీలుకు సూది వేస్తే పోదు. అది పుట్టకురుపుకు కూడా దారితీయవచ్చు. మన కుర్రవాళ్ళలో యీ అలవాటు వున్నవాళ్ళు వున్నారు, తల్లిదండ్రులు కళ్ళు తెరిచి చూడాలి. జ్ఞానదంతం దగ్గర చీము పట్టినా నోరు తెరుచుకోదు. అందుకే సూది మాట ఎత్తకముందు జబ్బేమిటో తేల్చుకోవాలి. రక్త పరీక్షలు, దవడ ఎక్స్‌రే, అవసరమైతే స్కానింగు అందుకే.

ఇక సూది మందు కథకు వద్దాం. దవడకు వైద్యం చెయ్యటం మనవాళ్ళకు కొత్త కాదు. వెయ్యేళ్ళ క్రితం స్పెయిన్ దేశంలో, కొర్డోబా దగ్గర, అబుల్ ఖాసిం అల్ జహ్రావీ అనే గొప్ప వైద్యుడు 'అల్ తస్రీఫ్' అని ముప్ఫై భాగాల గ్రంథం రాశాడు. చివరి భాగం శస్త్రచికిత్స గురించి. విరిగిన ఎముకలు, తొలగిన కీళ్ళు సరిచేసే పద్ధతులు అందులో వున్నాయి. జారిన దవడను తిరిగి చోట్లో కూర్చోబెట్టటం కూడా వుంది. కాని వాచిన కీలులోని వాపును తగ్గించే మందు ఆ తరువాత తొమ్మిది వందల యేళ్ళకు గాని దొరకలేదు.

1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో, కీళ్ళవాతంతో మంచం పట్టిన 29 యేళ్ళ స్త్రీకి డాక్టర్ ఫిలిప్ హెంచ్ కార్టిజోన్ అనే మందు సూదితో ఎక్కించాడు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్ అనే ముగ్గురికి నోబెల్ బహుమానం ఇచ్చారు. ప్రపంచమంతా జబ్బు పోయిందనుకొన్నది. కాని మందు ఆపితే నొప్పులు తిరిగి వచ్చాయి. ఆపకుండా వాడితే మొహం వుబ్బటం, ఎముకలు గుల్లబారటం, షుగరు పెరగటం మొదలయ్యాయి. అప్పుడు డాక్టర్లకొక ఆలోచన వచ్చింది. వొళ్ళంతా ఎక్కించటమెందుకు, నొప్పి వున్న కీలులోనే కొంచెం వేస్తే చాలదా అని. 1951లో ఫిలడెల్ఫియా నగరంలో డాక్టర్ హోలాండర్ కీళ్ళలోకి హైడ్రోకార్టిజోన్ వేసి ఫలితం చూపించాడు. మోకాలికి, భుజానికి, ఆ తరువాత దవడకు కూడా యీ పద్ధతి వచ్చింది. ఇప్పుడు వాడేవి ఎక్కువగా ట్రయామ్సినలోన్, మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే మందులు.

సూది ఎలా వేస్తారో తెలియకనే చాలామంది భయపడతారు. "చెవి దగ్గర సూదా? మెదడుకు తగలదా?" అని అడుగుతారు. తెలిసినవాళ్ళు వేస్తే ఆ భయం లేదు. కుర్చీలో వెనక్కి వాల్చి పడుకోబెడతారు. చెవి ముందు చర్మం శుభ్రం చేసి తిమ్మిరి మందు ఇస్తారు. నోరు తెరవమంటే ఎముక తల ముందుకు జరిగి, గుంటలో జాగా ఏర్పడుతుంది. చెవి ముందు మిట్టకు సుమారు ఒక సెంటీమీటరు ముందు సన్నని సూది పెట్టి, పై గదిలోకి మందు వేస్తారు. ఆ గది చాలా చిన్నది. మందు ఒక మిల్లీలీటరుకు మించి పట్టదు. కొందరికి ముందుగా రెండు సూదులు పెట్టి, ఒకదాని గుండా సెలైను పంపి రెండోదాని గుండా బయటికి తీసి కీలును కడుగుతారు. 1991 నుంచి యీ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. కడిగిన తరువాత మందు వేస్తారు. మామూలుగా అదే రోజు యింటికి పోవచ్చు.

తిమ్మిరి మందు ప్రభావంతో ఆ పక్క కనురెప్ప కొన్ని గంటలు సరిగా మూసుకోకపోవచ్చు, కంగారు పడనక్కరలేదు. ఒకటి రెండు రోజులు నొప్పి కాస్త పెరగవచ్చు. షుగరు వున్నవాళ్ళకు కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది, రోజూ చూసుకోవాలి. సూది పెట్టినచోట చర్మం పలచబడటం, తెల్లబారటం అరుదుగా జరుగుతుంది. కీలులో చీము పట్టటం ఇంకా అరుదు. కాని జ్వరం, ఎర్రటి వాపు, రోజురోజుకూ పెరిగే నొప్పి కనిపిస్తే వెంటనే పోవాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, వొంట్లో ఎక్కడైనా చీము, జ్వరం వున్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఎంత మేలు చేస్తుంది? నిజం చెప్పాలి. అందరికీ ఒకేలా పనిచెయ్యదు. కొందరికి కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు నొప్పి తగ్గి నోరు తెరుచుకుంటుంది. కొందరికి పెద్దగా తేడా కనిపించదు. కీలు ఎముకలు అప్పటికే అతుక్కుపోయి వుంటే సూది ఏమీ చెయ్యలేదు, ఆపరేషను గురించి ఆలోచించవలసిందే. మంచి జరిగింది గదా అని మాటిమాటికీ వేయించుకోకూడదు. ఒకే కీలులో పదే పదే స్టెరాయిడ్ వేస్తే ఆ మందే ఎముకను దెబ్బతీస్తుంది. ఒక సూదికీ మరో సూదికీ మధ్య నెలల వ్యవధి వుండాలి. పిల్లలకూ ఒక రకం కీళ్ళవాతం వస్తుంది. వాళ్ళ దవడ ఇంకా పెరుగుతూ వుంటుంది గనుక, ఎముక పెరుగుదల దెబ్బతినే భయముంది గనుక, పిల్లలకు యీ సూది విషయంలో డాక్టర్లు మరీ ఆచితూచి నడుస్తారు. "అక్కకు వేశారు గదా, పాపకూ వెయ్యండి" అని వొత్తిడి చెయ్యకండి.

ఇప్పుడు మా ఆపా కథ పూర్తిచేస్తాను. హైదరాబాదులో కీళ్ళ జబ్బుల డాక్టరుకు చూపించాం. ఆయన మెథోట్రెక్సేట్ అనే మాత్రలు మొదలుపెట్టాడు. కొన్ని నెలల్లో వేళ్ళ వాపు తగ్గింది. కుడి దవడ మాత్రం లొంగలేదు. నోట్లో ఒకటిన్నర వేలు పట్టేది. వేడి కాపడం, మెత్తని తిండి, రాత్రి పళ్ళ మీద పెట్టుకొనే తొడుగు, నోటి వ్యాయామం అన్నీ అయ్యాక, 2011 బక్రీదుకు పదిహేను రోజుల ముందు సూది వేయించాం. పండుగ నాటికి దాదాపు మూడు వేళ్ళు పట్టాయి. ఆ రోజు అందరితో కలిసి దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చొని కబాబు నమిలి తిన్నది. ఇంట్లో అందరికీ కళ్ళు చెమర్చాయి.

అక్కడే రెండో తప్పు జరిగింది. ఈసారి నేను కాదు, ఆమె. "సూదితో తగ్గిపోయింది గదా, యీ మాత్రలు దేనికి?" అని ఎవరికీ చెప్పకుండా మానేసింది. ఆ మాత్రలు వేసుకొన్న మర్నాడు వికారంగా వుండేది, అదీ ఒక కారణం. నాలుగు నెలలు తిరక్కముందే దవడ మళ్ళీ బిగుసుకొన్నది, దానితోపాటు రెండు మణికట్లూ వాచాయి. "ఇంకో సూది వేయించురా" అని నన్ను పట్టుకొన్నది. డాక్టరు వెంటనే వెయ్యనన్నాడు. "సూది ఒక్క కీలుకు వేసే మందమ్మా. మీ జబ్బు ఒక్క కీలులో లేదు, వొళ్ళంతా వుంది" అన్నాడు. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టి, వికారానికి వేరే ఏర్పాటు చేసి, జబ్బు అదుపులోకి వచ్చాక యేడాదికి రెండో సూది వేశాడు. ఆ తరువాత మూడోది అవసరం రాలేదు. దవడ నిలబడింది గాని ఎడమ మణికట్టు మాత్రం వంకర తిరిగి అట్లాగే వుండిపోయింది. ఆ నాలుగు నెలల ఖరీదు అది.

నేను యీ రోజు చెప్పదలచుకొన్నదంతా ఆ డాక్టరు మాటలోనే వుంది. సూది ఒక కీలుకు వూరట ఇస్తుంది. జబ్బును పట్టి వుంచేది మాత్ర. సూది వేయించుకొన్నామని మాత్ర మానకూడదు, మాత్ర వాడుతున్నామని లొంగని కీలును వదిలెయ్యనూ కూడదు.

ఆ మాత్ర గురించి తెలుగువాళ్ళుగా మనం తెలుసుకోవలసిన సంగతి ఒకటి వుంది. మెథోట్రెక్సేట్ తయారైంది అమెరికాలో లెడర్లీ సంస్థలో, మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో జరిగిన పరిశోధనలో. మొదట దాన్ని కాన్సరు కోసం వాడారు. తరువాత చిన్న మోతాదులో కీళ్ళవాతానికి పనికొస్తుందని తేలి, 1988లో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించింది. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో కన్నుమూశారు. తన మందు కీళ్ళవాతానికి ఇంతగా పనికొస్తుందని ఆయన చూడలేదు.

యీ మాత్ర విషయంలో ఒక హెచ్చరిక. దీన్ని కీళ్ళవాతానికి వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకొని ప్రాణం మీదికి తెచ్చుకొన్నవాళ్ళు వున్నారు. ఏ రోజో గోడ మీది క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. జుమ్మా రోజు అనుకొంటే మరిచిపోరు. చదువురాని పెద్దవాళ్ళకు యింట్లో చదువుకొన్న పిల్లలు చూసి ఇవ్వాలి. తోడుగా ఫోలిక్ యాసిడ్ మాత్ర వేరే రోజు ఇస్తారు. డాక్టరు చెప్పిన గడువుల్లో రక్త పరీక్ష తప్పనిసరి. గర్భిణీ స్త్రీలు దీన్ని వాడనే కూడదు. పెళ్ళి కావలసినవాళ్ళు, బిడ్డ కావాలనుకొనేవాళ్ళు సిగ్గుపడకుండా ముందే డాక్టరుకు చెప్పాలి.

సంతల్లో, బస్టాండ్ల దగ్గర "మూడు రోజుల్లో కీళ్ళనొప్పి మాయం" అని అమ్మే పొడులు కొనకండి. అటువంటి వాటిలో స్టెరాయిడ్లు కలిపి అమ్మటం చాలాసార్లు బయటపడింది. మూడు రోజుల్లో తగ్గటానికి కారణం అదే, మూడేళ్ళ తరువాత ఎముకలు గుల్లబారటానికీ కారణం అదే.

రోజా సంగతి చాలామంది అడుగుతారు. సూది వేయించుకొంటే రోజా వుంటుందా పోతుందా అన్నది మన ఇమాం సాబుగారిని అడిగి తెలుసుకోవలసిన విషయం. వైద్యునిగా నేను చెప్పేది ఒక్కటే. దవడ సూది ఒక్కరోజు కూడా ఆగని అత్యవసరం కాదు. రంజాన్‌కు ముందో తరువాతో పెట్టుకోవచ్చు. వారం మాత్రను ఇఫ్తారు తరువాత భోజనం చేసి వేసుకోవచ్చునేమో డాక్టరును అడగండి. రోజూ స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్ళు మాత్రం ఉపవాసం పేరుతో వాటిని ఒక్కసారిగా ఆపకూడదు, ప్రమాదం.

మరో మాట. కీళ్ళవాతం వున్నవాళ్ళకు ఏ ఆపరేషను చెయ్యవలసి వచ్చినా, ప్రసవానికి ఆపరేషను అయినా సరే, మత్తు డాక్టరుకు "నా నోరు ఎక్కువ తెరుచుకోదు, మెడ నొప్పి వుంది" అని ముందే చెప్పాలి. మత్తు ఇచ్చేటప్పుడు గొంతులోకి గొట్టం వెయ్యవలసి వస్తుంది. ముందే తెలిస్తే వాళ్ళు తగిన ఏర్పాటు చేసుకొంటారు.

ఎక్కడికి పోవాలి అంటారా? కీళ్ళవాతానికి రుమటాలజీ డాక్టరు, దవడ సూదికి దవడ శస్త్రచికిత్స చదివిన పళ్ళ డాక్టరు. హైదరాబాదులో నిమ్స్‌లో రుమటాలజీ విభాగం వుంది. హైదరాబాదులో, విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు వున్నాయి. అక్కడ దవడ శస్త్రచికిత్స నిపుణులు వుంటారు. ఏ డాక్టరు దగ్గరకు పోయినా పాత చీటీలు, వాడుతున్న మందులు తప్పకుండా వెంట తీసుకుపోండి.

చివరిగా మగవాళ్ళకు ఒక మనవి. మన యిళ్ళల్లో ఆడవాళ్ళు అందరికీ వడ్డించి ఆఖరున తింటారు. వాళ్ళేం తింటున్నారో, ఎంత తింటున్నారో మనం చూడం. మా ఆపా యేడాదిపాటు నానబెట్టిన రొట్టెతో గడిపితే, డాక్టరునై వుండి నేను చూడలేదు. ఇవాళ యింటికి వెళ్ళాక మీ అమ్మీతో, మీ భార్యతో, మీ ఆపాతో కలిసి కూర్చొని భోజనం చెయ్యండి. వాళ్ళు ఏ పక్కన నములుతున్నారో, ఏ ముక్క పక్కకు తీసిపెడుతున్నారో చూడండి. మూడు వేళ్ళ పరీక్ష చెయ్యమని అడగండి. మన సంఘం నడిపే వైద్య శిబిరంలో బి.పి., షుగరులతోపాటు యీ పరీక్ష కూడా చేర్చాలని, వారం మాత్రలు కొనలేని సోదరీమణులకు జకాత్ నిధి నుంచి సాయపడే విషయం ఆలోచించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను.

మా ఆపా యిప్పటికీ అసర్ తరువాత పిల్లలకు చదువు చెబుతున్నది. ఆమె సెలవు తీసుకొనే యీ సంగతులన్నీ మీకు చెప్పాను. "నా తప్పు కూడా చెప్పరా, నాలాంటివాళ్ళు మరొకరు మాత్రలు మానకుండా వుంటారు" అన్నది. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం, ఒకరి బాధ ఒకరు గమనించే మనసు ప్రసాదించుగాక.